కొల్లేటి కుంచం

కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు, కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. కొల్లేరు అనగానే పడవ షికారూ, గూడకొంగలూ, సూర్యాస్తమయాలూ చదవాలనుకునేవాళ్ళు ఈ పేజీలు తిప్పేసుకోవచ్చు. వాటిని నేనూ చూశాను, బాగానే ఉన్నాయి. అక్కడితో ఆగితే నాకు నిద్ర పట్టదు.

నేను అనంతపురంలో జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. మా దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లలు కొందరు వాతావరణ న్యాయం కోసం ఒక సంఘం పెట్టాలని తలపెట్టారు. బ్యానరు రాయించారు. అధ్యక్షుడెవరన్న దగ్గర తగువు పడ్డారు. బ్యానరు మా ఇంట్లో మడతపెట్టి ఉంది. అంతలో గోదావరి జిల్లాలో కుర్రకారు పెట్టుకున్న వేదిక ఒకటి అధ్యక్షుడే లేకుండా కొన్నేళ్ళుగా నడుస్తోందని ఎక్కడో విన్నారు. "మేడమ్, దసరా సెలవుల్లో మీరు పోయి చూసి రాండి" అని నన్ను రైలెక్కించారు.

వాతావరణ న్యాయమంటే ఏమిటని మా పక్కింటావిడ అడిగింది. వానలు గతి తప్పడానికి కారణం ఒకళ్ళు, ఆ వానలో మునిగేవాళ్ళు మరొకళ్ళు, ఆ లెక్క సరిచేయమని అడగడం అన్నాను. "అడిగితే చేస్తారా?" అంది. అది తెలుసుకోవడానికే వెళ్ళానని ఇప్పుడు అనిపిస్తోంది.

ఏలూరు: పిచ్చుకల గింజలు

స్టేషన్లో నన్ను దింపుకోవడానికి కరుణ వచ్చింది. బీఈడీ చదువుతున్న అమ్మాయి, వేదికను మొదలుపెట్టినవాళ్ళలో ఒకతె. నా సంచీ లాక్కుని, "ప్రయాణం బాగా జరిగిందాండీ? అలిసిపోయేరేమోనండీ? ముందు కాఫీ తాగుదురుగానండీ" అని ఒక్క ఊపిరిలో మూడు అండీలు పలికింది. మా సీమలో "తింటివా?" అని ఒక్క మాటలో కుశలం అడిగేస్తాం. ఇక్కడ మర్యాదకే సగం రోజు పడుతుందేమో అనుకున్నాను. మర్యాద వెనక మొండితనం ఎంతుందో అప్పటికి నాకు తెలియదు.

పవర్‌పేటలో వాళ్ళ ఇల్లు. తల్లి రాహేలమ్మ గారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. తెల్లచీర, పక్కకు కదలని జడ, ఎదుటివాళ్ళ మొహం చూసి జ్వరం కొలిచే చూపు. బజారు నుంచి తెప్పించిన ఇడ్లీ (ప్లేటు ఆరు రూపాయలు, అల్లప్పచ్చడి ఎంత అడిగితే అంత) తింటూ ఉండగా నేను తెచ్చిన పొట్లం ఆవిడ చేతిలో పెట్టాను. "వచ్చేటప్పుడు మీ ఇంటి నుంచి గుప్పెడు తీసుకురండి" అని కరుణ ఫోన్లో చెప్పింది మరి. మా ఇంట్లో మేం తినేవి కొర్రలు. గుప్పెడు కొర్రలే తెచ్చాను.

రాహేలమ్మ గారు పొట్లం విప్పి చాలాసేపు చూశారు. "ఇవి పిచ్చుకలకి వేస్తారు కదాండీ?" అన్నారు.

"మేము తింటామండీ" అన్నాను. నాకు కొంచెం రోషం వచ్చింది.

"తినేవే అయితే సరేనండి" అని, అరచేతిలో పోసుకుని రాయీ రప్పా ఏరి, మూలనున్న డబ్బాలో పోసేశారు.

అప్పుడు చెప్పింది కరుణ వాళ్ళ పద్ధతి. వాళ్ళ సంఘంలో, అంటే చర్చిలో, ఆడవాళ్ళు వంట మొదలుపెట్టేముందు ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి గుప్పెడు తీసి పక్కన పెడతారు. అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటు. ఆదివారం ఆ గుప్పెళ్ళన్నీ చర్చికి చేరతాయి. వేదిక పెట్టినప్పుడు చందాల దగ్గర వీళ్ళకూ మా పిల్లల్లాగే పేచీ వచ్చింది. అప్పుడు రాహేలమ్మ గారే అన్నారట, "దేవుడికి ఒక గుప్పెడు తీస్తున్నాం, నీళ్ళకోసం ఇంకో గుప్పెడు తీస్తే అన్నం తక్కువైపోద్దాండీ?" అని.

అంతే, అదే సభ్యత్వం. ఒక పేటలో ఇళ్ళన్నీ తీసిన గుప్పెళ్ళతో గింజలు కొలిచే కుంచం నిండితే ఆ పేట వేదికలో ఒక శాఖ. శాఖ అని కూడా అనరు, కుంచమనే అంటారు. "మాది పవర్‌పేట కుంచమండీ" అని కాలేజీ పిల్లలు చెప్పుకుంటుంటే నాకు ముచ్చటేసింది. నిండిన కుంచానికి సమావేశంలో ఒక మాట, అంటే ఒక ఓటు. ఇల్లు మేడైనా, పాకైనా ఇవ్వాల్సింది గుప్పెడే, పైగా తన ఇంటి గింజే ఇవ్వాలి. అలా ఇచ్చే ఇళ్ళవాళ్ళంతా ఇంటివాళ్ళు. కాలేజీలూ, యూనియన్లూ, హైదరాబాదు సంస్థలూ వగైరా తోడొచ్చేవాళ్ళంతా చుట్టాలు. చుట్టం గుప్పెడు తేవచ్చు, సలహా ఇవ్వచ్చు, పని చేయచ్చు. మాట మాత్రం ఉండదు.

"మరి పెద్ద సంస్థలు ఒప్పుకుంటాయా?" అన్నాను.

"భోజనానికి పిలుస్తామండి. వచ్చినవాళ్ళు వస్తారు" అంది కరుణ.

వచ్చిన బియ్యమంతా సమావేశం రోజున ఒకే గిన్నెలో వండుతారు. సన్నబియ్యం, ముతకబియ్యం, కోటాబియ్యం, ఇప్పుడు నా కొర్రలు. కొన్ని గింజలు ముద్దవుతాయి, కొన్ని పలుకుంటాయి. "మీటింగన్నం ఏనాడూ బాగోలేదండీ" అన్నారు రాహేలమ్మ గారు, వండేది తనే అయినా.

తాడేపల్లిగూడెం: తిరిగి వెళ్ళిన బస్తా

కరుణతో కలిసి గూడెంలో దిగగానే ఉల్లిపాయల ఘాటు ముక్కుకు తగిలింది. మార్కెట్లో ఉల్లిపాయల గుట్టలు మా ఊరి వేరుశనగ కుప్పల్లా ఉన్నాయి. అక్కడి కుంచం చూసే కుర్రాడి పేరు సుబ్రహ్మణ్యం. అందరికీ సుబ్బు. డిగ్రీ చదువుతున్నాడు, తండ్రి పౌరోహిత్యం చేస్తారు. చొక్కా జేబులో పెన్నూ, నుదుట విభూతీ, నోట్లో నియమం.

మేం వెళ్ళేసరికి వాళ్ళ వాకిట్లో రిక్షా, రిక్షాలో బియ్యం బస్తా ఉన్నాయి. దాన్ని ఒక మిల్లు యజమాని పంపాడు. ఆయన మిల్లులో పనిచేసే కూలీల ఇళ్ళన్నిటి తరఫునా ఇదే లెక్కేసుకోమన్నాడట. ఎన్ని కుంచాలు నిండితే అన్ని మాటలు మరి.

"బస్తా తీసుకోమండి. గుప్పెడు గుప్పెడుగా ఇళ్ళ నుంచే రావాలండి" అని సుబ్బు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, నన్ను మళ్ళీ తొక్కించమంటారా?" అని రిక్షా అతను మొత్తుకున్నాడు. సుబ్బు లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చాడు, కిరాయి కూడా ఇచ్చాడు. బస్తా మాత్రం వెనక్కి పంపాడు. ఇలాంటివాడు మా సంఘంలో ఒక్కడుంటే అధ్యక్షుడి తగువే వచ్చేది కాదనిపించింది. నియమం ఎంత గట్టిదో అంత మొరటుదని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం ఊళ్ళో ఒక హోటల్లో "భాగస్వాముల సదస్సు" ఉందంటే వెళ్ళాం. పెట్టినవారు హైదరాబాదు సంస్థ నుంచి వచ్చిన పెద్దమనిషి. పేరు రాయను. పిల్లలు ఆయన్ను సలహాదారు గారంటారు, నేనూ అలాగే అంటాను. భూమి వేడెక్కిపోతోందని చెప్పడానికి పెట్టిన ఏసీ చలికి నేను పవిట భుజాల నిండా కప్పుకుని కూర్చున్నాను. మనిషికో నీళ్ళ సీసా పెట్టారు. తెర మీద ఒక బొమ్మ వేశారు, పైన ఒక గడి, కింద రెండు, ఆ కింద నాలుగు. వేదిక అలా ఉండాలట. పై గడిలో సలహా మండలి. అట్టడుగున, కుర్చీ కాళ్ళ కింద పడేసినట్టు, "ప్రభావిత ప్రజలు".

అధికారుల బృందం కొల్లేరు ప్రాంతానికి రాబోతోంది. వాళ్ళకు ఇవ్వాల్సిన విన్నపం మండవల్లిలో జరిగే సమావేశంలో ఖాయం కావాలి. ఆ విన్నపంలో మొట్టమొదటి కోరిక కొల్లేటి మధ్యనున్న లంక ఊళ్ళది. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోయే ఒకే ఒక్క దారి ఉప్పుటేరు. దాని మొహానికున్న అడ్డాలు తీయించాలి, నీళ్ళను ఆపుతున్న చేపల చెరువుల గట్లు తొలగించాలి. దాన్ని తీసేయమని సలహాదారు గారి సలహా.

"అది స్థానిక సమస్య. మనది ప్రపంచ సమస్య. మొక్కలు నాటడం పెట్టండి, అందరికీ బాగుంటుంది" అన్నారు.

అందరంటే ఎవరో భోజనాల దగ్గర తెలిసింది. ఆ పూట భోజనాల ఖర్చు పెట్టుకున్నది పెద్ద పెద్ద చెరువులున్న ఆసాములు. పులిహోర, బొబ్బట్లు, పూతరేకులు. సలహాదారు గారు రెండోసారి పులిహోర వేయించుకుని, పూతరేకుల దగ్గరికి మూడోసారి వెళ్ళారు. నేను ఆయన తిండి ఎందుకు చూశానని అనుకోకండి, ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

"ఏమ్మా, మరి తీసేద్దామా ఆ లైను?" అని ఆయన కరుణను అడిగారు.

"మండవల్లిలో కుంచాల్ని అడగాలండీ" అంది కరుణ, ఎంతో వినయంగా. ఆయన మొహం మాడిపోయింది.

ఉండి దారిలో

కరుణ ఏలూరు వెళ్ళిపోయింది, నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. అత్తిలి దాటేదాకా రెండు పక్కలా వరి పొట్టకొచ్చి ఉంది. చూపు ఎంత దూరం పోతే అంత దూరం పచ్చదనం. మా జిల్లావాళ్ళెవరైనా చూస్తే ఏడుస్తారు. ఉండి చేరేసరికి అంతా మారింది. వరి మడులు పోయి చేపల చెరువులు, వాటి గట్ల మీద తవుడు బస్తాలు. బియ్యం మనకీ, తవుడు చేపలకీనట.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు వరి రైతు, ఇప్పుడు తన పొలంలోనే తవ్విన చెరువుకు కాపలా. "వరేసినప్పుడు మేం తినేవాళ్ళమండి. ఇప్పుడు చేపలన్నీ ఐసులో పెట్టి కలకత్తా పంపేత్తారు. వాళ్ళు తింటారండి" అన్నారు నవ్వుతూ. "మీరేం తింటారు మరి?" అంటే, "కొనుక్కుంటామండి, బజార్లో" అని మళ్ళీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బస్సు దిగి నిలబడ్డానో లేదో, చేపల లారీ ఒకటి పక్క నుంచి పోతూ ఐసు నీళ్ళు నా చీర మీద ధారగా పోసి వెళ్ళింది. ఆ వాసనతోనే లంకకు చేరాను.

లంకలో

ఊరి పేరు చెప్పను, చెబితే ఇబ్బంది వాళ్ళకే. సరస్సు మధ్య మెరక మీద ఇళ్ళు, చేపలు పట్టుకుని బతికే జనం. అక్కడి కుంచం బాధ్యత దుర్గది. ఇంటర్ పాసై, ఊరి పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. పడవ కొట్టేటప్పుడు కూడా గట్టిగా పాఠం చెప్పినట్టే మాట్లాడుతుంది. నా చీర వాసన పసిగట్టి, "ఐసు లారీనాండీ? అందరికీ కొడతాదండి అది" అంది.

ప్రతి ఇంటి గోడ మీదా నా నడుం ఎత్తున బురద గీత ఉంది. వినాయక చవితి వెళ్ళాక కురిసిన వాన గుర్తు అది. వాన ఇదివరకూ కురిసేది, కాకపోతే నెల పొడుగునా కురిసేది. ఇప్పుడు నెల వానా ఒక్క రాత్రిలో దిగుతోంది. బుడమేరు, తమ్మిలేరు మీద పడ్డ నీళ్ళన్నీ కొల్లేట్లోకే వస్తాయి.

"రావడం ఒక్క రాత్రేనండీ. ఎల్లడానికే నెలలు. ఎటెల్తాదండీ? ఉప్పుటేరు మొహం చూడండి, నిండా అడ్డాలే" అంది దుర్గ.

రెండేళ్ళ కిందట ప్రభుత్వం సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చేసిన సంగతి పేపర్లో చదివి నేనూ మెచ్చుకున్నాను. ఇక్కడికొచ్చి చూస్తే ఊళ్ళో వాళ్ళ ఉమ్మడి చెరువు పగిలింది పగిలినట్టే ఉంది. దానికి అవతల పెద్ద ఆసాముల చెరువులు గట్లు పోసుకుని మళ్ళీ నిండుగా ఉన్నాయి. పోయినవి పేదవాళ్ళవి, లేచినవి పెద్దవాళ్ళవి. ఆ గట్ల వల్లే వరద వెనక్కి తన్ని లంక మునుగుతోంది. ఆ గట్టు మీదే ఎవరో పట్నం జనం దుర్భిణీలు పట్టుకుని పక్షుల్ని చూస్తున్నారు. పక్షులకు గూళ్ళు తడవలేదా అని వాళ్ళలో ఒకావిడ దుర్గను అడిగింది. దుర్గ ఇంటి సంగతి అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయి, "అమ్మా, ఈ పిల్ల గూడు కూడా ఆ పక్కనే ఉంది, చూస్తారా?" అన్నాను. దుర్గే నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

దుర్గ వాళ్ళమ్మ చేపల పులుసు వండింది. కొర్రమీను, మామిడికాయ ఒరుగు వేసి. అంత రుచైన పులుసు నేనెప్పుడూ తినలేదు. అన్నం మాత్రం సహాయం కింద వచ్చిన బియ్యంతో వండింది. సొంత బియ్యం వాకిట్లో పట్టా మీద ఎండుతోంది. వరదలో మునిగి, పసుపుపచ్చగా మారి, పులిసిన వాసన వేస్తోంది. అన్ని వాకిళ్ళలోనూ అదే పట్టా, అదే వాసన. పారబోయడానికి చేతులు రాక ఉంచుకున్నారు, బాతులకు పోద్దామనుకుంటున్నారు.

"కుంచం నిండిందా?" అని అడిగాను.

దుర్గ మాట తగ్గించింది. "లేదండీ. సాయం బియ్యంలోంచి గుప్పెడు తీసిద్దామంటే ఊళ్ళో ఒప్పుకోలేదండీ. ఒకళ్ళు పెట్టింది మళ్ళీ మనం పెడితే ఇంటివాళ్ళం ఎలాగవుతామన్నారు. సొంతవి చూత్తే అయ్యీ."

అంటే లంక ఊళ్ళ కుంచాలన్నీ ఖాళీ. మునిగినవాళ్ళు మునిగినందుకే వేదికలో మాట పోగొట్టుకున్నారు. మండవల్లిలో ఉప్పుటేరు కోరిక పడిపోతే మళ్ళీ అధికారులు ఎప్పుడొస్తారో, ఈలోగా ఎన్నిసార్లు గోడ మీద గీత పడుతుందో ఎవరు చెప్పగలరు?

పడవెక్కేముందు దుర్గ నా ఫోన్ నంబరు తీసుకుంది. ఊరికంతా ఫోన్ దుర్గ దగ్గరున్న ఆ ఒక్కటే. కాల్ చేస్తే డబ్బులవుతాయి కనుక వేదికలో అన్నీ మిస్డ్ కాల్సే. ఒక్కసారి మోగి ఆగితే సమావేశం ఉన్నట్టు. రెండుసార్లు మోగి ఆగితే నీళ్ళు గడప దగ్గరకొచ్చినట్టు. అది అందిన ఊరివాళ్ళు పక్క ఊరికి, వాళ్ళు ఏలూరుకి, గూడేనికి అందిస్తారు. పట్నం కుంచాలు రాత్రికి రాత్రి చిన్నపిల్లల కోసం ఇళ్ళు ఖాళీ చేసి పెడతాయి.

మండవల్లి: గిన్నె చుట్టూ

చర్చి ఆవరణలో సమావేశం. గోడ వారన కుంచాలు వరసగా పెట్టారు. పవర్‌పేట, గూడెం, అత్తిలి, ఉండి కుంచాలు నిండుగా, పైన గోపురం కట్టి ఉన్నాయి. ఆ చివర లంక ఊళ్ళవి ఖాళీ కుంచాలు. వాటి వెనక నేల మీద దుర్గా, మిగతా లంకల పిల్లలూ కూర్చున్నారు. ఖాళీ పాత్ర వెనక మనిషిని కూర్చోబెట్టడం చూడడానికే బాగోలేదు.

సలహాదారు గారు లేచారు. "నేను చుట్టాన్నే. నాకు మాట లేదు. కానీ ఒక్కటి గుర్తు చేస్తాను. ఖాళీ కుంచానికి మాట లేదన్నది మీ నియమమే కదా? నిండిన కుంచాల్లో సగం మంది మొక్కలకి సరేనంటున్నారు. ఆ లైను తీసేస్తే సరిపోతుంది" అన్నారు.

నేను ఉండబట్టలేక, "నియమం మార్చుకోండి మరి!" అని అరిచాను.

సుబ్బు తల వంచుకుని నిలబడ్డాడు. "మార్చొచ్చండి. కానీ అన్ని కుంచాలూ నిండుగా ఉండి, అందరూ ఒప్పుకోవాలండి. అలా పెట్టుకున్నాం. మొన్న మిల్లువాళ్ళ బస్తా వెనక్కి పంపింది ఆ నియమం మీదేనండి. ఇవాళ మనకోసం వంచితే రేపు వాళ్ళకోసం వంచాలండి."

నాకు వాడి మీద కోపమొచ్చింది. వాడు చెప్పింది నిజమని తెలిసి ఇంకా కోపమొచ్చింది. తమను తాము కాపాడుకోవడానికి పిల్లలు కట్టుకున్న గోడకు అవతల మునుగుతున్నవాళ్ళే పడిపోయారు. ఇటువైపు చుట్టం చిద్విలాసంగా నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు.

అప్పుడు దుర్గ లేచింది. చంకలో ఉన్న మూట విప్పి తన కుంచంలో పోసింది. పసుపుపచ్చ బియ్యం. ఆ వాసన ముందు వరసలకు కొట్టింది.

"పొద్దున్నే మా అమ్మావాళ్ళు కూకుని తేల్చారండీ. ఇది సాయం బియ్యం కాదండీ. మునిగిన బియ్యం. మా సొంతవి. ఇంటికో గుప్పెడే తీసేరు" అంది. చుట్టూ చూసి, గొంతు పెంచింది. "మంచివి పెట్టలేకపోయినందుకు ఏవీ అనుకోకండి."

మిగతా లంకల పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఎవరూ చెప్పకుండానే సైకిళ్ళెక్కి పడవల రేవు వైపు వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా సమావేశం ఆపాలని కరుణ అంది. ఆగింది.

వాళ్ళు తెచ్చి పోస్తుంటే కుంచాలు ఒక్కొక్కటే నిండాయి. ఇక మిగిలింది రాహేలమ్మ గారు. కుంచం నిండితే చాలదు, అది గిన్నెలో పడాలి. గిన్నెలో ఏది పడాలో చెప్పేది ఆవిడే. ఆవిడ చేతికి ఇచ్చే గుప్పెట్లో ఒక్క రాయి ఉన్నా వెనక్కిచ్చే మనిషి. దేవుడికి తీసే గుప్పెడు శుభ్రంగా ఉండాలని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది.

ఆవిడ దుర్గ కుంచం ఎత్తి వాసన చూశారు. మొహం పక్కకు తిప్పుకున్నారు. దుర్గ ఆవిడ మొహమే చూస్తోంది.

"ఇది తిని ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నారు సలహాదారు గారు.

"నాదండి" అన్నారు రాహేలమ్మ గారు. "నేను నర్సునండి. ఎర్రటి ఎండలో ఎండబెట్టుకున్నారు, బూజు లేదు. కంపు కొడతాదిగానీ చంపదండి." తర్వాత చాట తెప్పించుకుని, కింద కూర్చుని, నల్లబడిన గింజలు ఏరడం మొదలుపెట్టారు. ఆవిడ పక్కన సుబ్బు కూర్చున్నాడు. ఆ పక్కన నేనూ కూర్చున్నాను. నీళ్ళు ఎన్నిసార్లు మార్చి కడిగినా వాసన పోలేదు. ఇక చాలని ఆవిడే చెప్పి, అన్ని కుంచాల బియ్యంతో కలిపి ఎసట్లో పోశారు.

అన్నం ఉడుకుతుంటే ఆ వాసన ఆవరణంతా నిండింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ముక్కు మూసుకుని తొంగిచూశారు. లంక ఊళ్ళు వారాల తరబడి పీల్చిన గాలి మాకు ఒక్క పూటకు అంటింది. పొయ్యి పక్కనే కుంచాలను అడిగారు. లంకలవి కూడా కలిపి నిండిన కుంచాలన్నీ మాట చెప్పాయి. ఉప్పుటేరు కోరిక మొదటి లైనుగానే నిలబడింది. మొక్కలు చివరికి వెళ్ళాయి.

విస్తళ్ళు వేశారు. చింతకాయ పచ్చడి, పప్పు, ఆ అన్నం. నా కొర్రలు మధ్యమధ్య చిన్నగా కనబడుతున్నాయి. మొదటి ముద్ద గొంతు దిగడానికి నేను కష్టపడ్డానని ఒప్పుకుంటాను. నాకు ఎదురుగా దుర్గ తల ఎత్తకుండా తింటోంది, ఏ ఒక్క మెతుకూ వదలకుండా.

సలహాదారు గారి విస్తరి ఖాళీగా ఉంది. "నాకు షుగరమ్మా. అన్నం ముట్టను" అన్నారు. గూడెం హోటల్లో పులిహోరా పూతరేకులూ నా కళ్ళ ముందు తిరిగాయి. నోరు తెరవబోతే కరుణ నా మోచేయి నొక్కింది. చుట్టాన్ని విస్తరి దగ్గర ఏమీ అనకూడదట. నేనూ చుట్టాన్నే కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను. వెళ్ళేముందు ఆయన గిన్నె దగ్గర నిలబడి, గరిటె పట్టుకుని, ఫోటో తీయించుకున్నారు.

తిరిగొచ్చాక

విన్నపం అధికారులకు చేరింది. చూస్తామన్నారు. ఇది నేను కరుణ మాటల్లో విన్నాను, ఆ అమ్మాయి "చూస్తామన్నారండీ" అన్నప్పుడు కూడా మర్యాద తప్పలేదు. మా పిల్లలు బ్యానరు పక్కన పెట్టి గుప్పెడు కొర్రలతో మొదలుపెట్టారు. అధ్యక్షుడి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వేసవిలో హైదరాబాదు సంస్థ వాళ్ళ రంగుల పుస్తకం మా కాలేజీకి పోస్టులో వచ్చింది. అట్ట మీద మండవల్లి గిన్నె, గరిటె పట్టుకుని సలహాదారు గారు. కింద "ప్రజలతో కలిసి భోజనం" అని రాశారు. ఆ అన్నంలోంచి ఆయన ఒక్క మెతుకు ముట్టలేదు, నేను అక్కడే ఉన్నాను. లోపలి పేజీల్లో లంక ఊళ్ళ పేర్లు వెతికాను, లేవు. ఉప్పుటేరు అన్న మాటా లేదు.

వానాకాలం వచ్చింది. మా ఊళ్ళో ఆకాశం ఎప్పటిలాగే ఎండి ఉంది. మధ్యాహ్నం క్లాసులో ఉండగా బల్ల మీద నా ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగి ఆగింది. చూస్తే దుర్గ నంబరు. చాక్‌పీసు అక్కడే పడేసి వరండాలోకి వెళ్ళి కాల్ చేశాను. అవతల గాలి హోరు, మనుషుల కేకలు.

"గడప దాటేసిందండీ. పిల్లల్ని పడవెక్కించేసేం. ఏలూరోళ్ళు గట్టు మీదకొచ్చేసేరండి" అంది.

ఇంతదూరాన ఉండి ఏం అడగాలో తెలియక, "ఇంట్లో సామానేమైనా దక్కిందా?" అన్నాను.

"మంచాలు, బట్టలు తడిసిపోయేయండీ. కుంచం తడవలేదండీ. అన్నిటికన్నా ముందు దాన్నే అటకెక్కించేసేం. నిండుగా ఉందండీ, ఈసారి మంచి బియ్యమే."